గేటు మూసే వేళను ఆత్మవిశ్వాసం ఖాతాలో రాయకండి

సంపాదక మహాశయా,

పరిశోధన చేయడానికి ఎంబీబీఎస్ విద్యార్థులకు ఏం అడ్డొస్తోంది అన్న ప్రశ్నతో మన వైద్య కళాశాలల్లో తరచూ సర్వేలు జరుగుతుంటాయి. దాదాపు అన్నిటిదీ ఒకటే మూస. పదిహేనో ఇరవయ్యో అడ్డంకుల జాబితా ఉంటుంది. ఒక్కోదాని పక్కన ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ మొదలు ‘అసలు ఒప్పుకోను’ దాకా ఐదు గడులుంటాయి. గూగుల్ ఫారం లింకును క్లాస్ రిప్రజెంటేటివ్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. వచ్చిన జవాబుల్లో సమయం లేకపోవడం, గైడ్ దొరకకపోవడం, శిక్షణ లేకపోవడం, డబ్బు లేకపోవడం పై వరుసలో నిలుస్తాయి. చివర్లో అబ్బాయిలు, అమ్మాయిలు అని రెండు నిలువు వరుసల పట్టిక, పక్కన పీ విలువలు (నిజమైన తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకెలు). ‘విద్యార్థినుల్లో ఆత్మవిశ్వాసం తక్కువగా కనిపించింది, వారికి వర్క్‌షాపులు పెట్టాలి’ అన్న వాక్యంతో, ఫలితాలను ప్రదర్శించే పోస్టర్ ముగుస్తుంది.

వైద్య విద్యార్థులకు పరిశోధన పద్ధతులు బోధించే అధ్యాపకులుగా ఆ చివరి వాక్యం మీద మాకు గట్టి అభ్యంతరం ఉంది. రికార్డు గది పనివేళలు, హాస్టల్ గేటు, గైడ్‌ను ఎంచుకునే తీరు, పని పంచుకునే తీరు: వీటిలో పుట్టే తేడా ఆ సర్వేల్లో అమ్మాయిల మనసులో ఉన్న లోపంగా నమోదవుతోంది. అది ఎలా నమోదవుతోందో, దాన్ని ఎలా సరిదిద్దవచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా ఒక సంగతి. ఇది తరగతిలో ఓ మూల కూర్చున్న కొద్దిమంది సమస్య కాదు. 2024 నీట్‌కు 24 లక్షల మందికి పైగా పేరు నమోదు చేసుకుంటే, వారిలో 13 లక్షలకు పైగా అమ్మాయిలే. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ప్రవేశాల్లోనే మూడో వంతు సీట్లు మహిళలకు రిజర్వు అయి ఉంటాయి. ఇంకోపక్క మన దేశంలో వైద్య కళాశాలల పరిశోధన పరిస్థితే అంతంతమాత్రం. 2005 నుంచి 2014 వరకు పదేళ్లలో 579 వైద్య విద్యాసంస్థలు ప్రచురించిన పేపర్లను 2016లో లెక్కించి చూస్తే, 332 సంస్థల నుంచి ఒక్క పేపరూ రాలేదు. ఏడాదికి వందకు మించి ప్రచురించినవి 25 మాత్రమే. అంటే అడ్డంకులు అందరికీ ఉన్నాయి. ఆడ, మగ తేడా వాటికి తోడవుతుంది. ఈ రెంటినీ కలగలిపితే రెండూ అర్థం కాకుండా పోతాయి.

ఇప్పుడు ‘సమయం లేదు’ అన్న గడి దగ్గరికి వద్దాం. అబ్బాయిలూ అమ్మాయిలూ ఇంచుమించు సమానంగా టిక్ పెట్టే గడి ఇదే. అందుకే ‘ఈ విషయంలో తేడా లేదు’ అని రాసేస్తారు. రోజు ఎలా నడుస్తుందో చూడండి. ఉదయం వార్డుల్లో పోస్టింగ్స్, మధ్యాహ్నం థియరీ లేదా ప్రాక్టికల్స్. హాజరు థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం తప్పనిసరి. రోగుల వివరాలుండే కేస్ షీట్లను భద్రపరిచే గదిని అందరూ ఎమ్మార్డీ (మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్) అంటారు. అదీ ఆఫీసు వేళల్లోనే, అంటే సరిగ్గా విద్యార్థి తరగతిలోనో వార్డులోనో ఉండాల్సిన వేళల్లోనే తెరిచి ఉంటుంది. మిగిలేవి భోజన విరామం, సాయంత్రం.

ఒక మామూలు ప్రాజెక్టునే తీసుకోండి. 200 కేస్ షీట్ల నుంచి వివరాలు తీయాలి. చేతిరాత చదివి, ల్యాబ్ రిపోర్టులు వెతికి, ఫారం నింపడానికి ఒక్కో షీటుకు 12 నిమిషాలు వేసుకుందాం. మొత్తం 40 గంటల పని. భోజన విరామంలో రోజుకు 40 నిమిషాలు దొరికితే 60 పనిదినాలు పడుతుంది. రికార్డు గది సిబ్బందితో మాట్లాడుకుని సాయంత్రం రెండున్నర గంటలు కూర్చోగలిగితే 16 రోజుల్లో అయిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు ఇస్తున్న షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ గడువు రెండు నెలలు. సాయంత్రం కూర్చోగలిగిన విద్యార్థి మొదటి నెలలోనే డేటా ముగించి, రెండో నెల విశ్లేషణకూ రాతకూ పెట్టుకుంటాడు. విరామంలో మాత్రమే కూర్చోగలిగిన అమ్మాయికి గడువు దాటినా డేటాయే పూర్తవదు. రిపోర్టు ఆమోదం పొందితేనే స్టైపెండూ సర్టిఫికెట్టూ వస్తాయి కాబట్టి సగంలో ఆగిన పనికి దక్కేది సున్నా. సర్వేలో మాత్రం ఇద్దరూ ‘సమయం లేదు’ అన్న గడిలోనే టిక్ పెడతారు.

సాయంత్రం ఆ అమ్మాయి ఎందుకు కూర్చోలేదు? చాలా కళాశాలల్లో అమ్మాయిల హాస్టల్ గేటు ఒక వేళకు మూస్తారు. అబ్బాయిల హాస్టల్‌కు అలాంటి వేళ ఉండదు, ఉన్నా పట్టించుకోరు. ఔట్‌పాస్ కావాలంటే వార్డెన్ సంతకం, ఇంటి నుంచి ఫోను, కొన్నిచోట్ల గైడ్ నుంచి ఉత్తరం కావాలి. భద్రత పేరుతో హాస్టళ్లలో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల మీద పెట్టకూడదని యూజీసీ 2015 లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. ఆ నిబంధన ఒకటుందని వార్డెన్లకు తెలిసిన చోట్లు తక్కువ. అయితే భయం ఊరికే పుట్టింది కాదు. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలికి జరిగిన ఘోరం తర్వాత రాత్రిపూట క్యాజువాల్టీలో డేటా సేకరించాలనే ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక పత్రం) అమ్మాయికి ఇచ్చే గైడ్ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. అలా ఆలోచించి ‘నీకు ఇది వద్దమ్మా, ప్రశ్నావళి సర్వే ఏదైనా చేసుకో’ అనడం తేలిక. వెలుతురున్న దారి, తాళం వేసుకునే గది, ఇద్దరేసి చొప్పున డ్యూటీ ఏర్పాటు చేయడం కష్టం. తేలిక పనే జరుగుతోంది. ఫలితంగా ట్రామా (ప్రమాద గాయాలు), విషం మింగడం, పాముకాటు, స్ట్రోక్ (పక్షవాతం) లాంటి రాత్రిపూట కేసులు ఎక్కువగా వచ్చే అంశాలు అబ్బాయిలకూ, పగటిపూట ప్రశ్నావళులు అమ్మాయిలకూ దక్కుతాయి. నాలుగేళ్ల తర్వాత ‘అమ్మాయిలకు క్లినికల్ పరిశోధన మీద ఆసక్తి తక్కువ’ అంటారు.

ప్రయాణం విషయంలోనూ ఇలాంటి తప్పే జరుగుతోంది. పాత ప్రశ్నావళుల్లో ‘ప్రయాణ ఖర్చు’ అనే అంశం ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. సహజంగానే ఆ గడిలో అమ్మాయిల టిక్కులు తగ్గుతాయి. దాన్ని చూసి ప్రయాణం అడ్డంకి కాదని తేల్చేస్తే పొరపాటు. రూరల్ హెల్త్ సెంటర్ కిందున్న ఊళ్లలో కూలికి వెళ్లినవాళ్లు ఇంటికి చేరేది సాయంత్రం. ఇంటింటి సర్వే అప్పుడే బాగా జరుగుతుంది. ఆ ఊరి నుంచి పట్నానికి చివరి బస్సు ఎన్ని గంటలకు అన్నదే అసలు ప్రశ్న. అది ఏ ప్రశ్నావళిలోనూ ఉండదు.

గైడ్ సంగతి ఇంతకన్నా లోతైనది. స్టూడెంట్‌షిప్ నియమాల ప్రకారం ఒక గైడ్ ఒక్క విద్యార్థినే తీసుకోవాలి. 150 మంది ఉన్న బ్యాచ్‌లో దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లు నలభై మంది ఉన్నా, ప్రోటోకాల్ దిద్ది, పరిశోధన నైతికంగా ఉందో లేదో పరిశీలించే ఎథిక్స్ కమిటీ ముందు నిలబడి, చివరి రిపోర్టు దాకా తోడుండే అధ్యాపకులు అంతమంది దొరకరు. కాబట్టి ముందు అడిగినవాళ్లదే సీటు. ఎవరు ముందు అడుగుతారు? ఏ సార్ ఒప్పుకుంటారు, ఏ మేడం దగ్గర డేటా సిద్ధంగా ఉంది, నిరుడు ఏ అంశం ఎంపికైంది అన్న కబురు హాస్టల్ గదుల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు చేరుతుంది. సీనియర్లలో పేపర్లు వేసినవాళ్లు ఎక్కువగా అబ్బాయిలైతే ఆ కబురు వాళ్ల హాస్టల్లోనే తిరుగుతుంది. ఒకసారి మొదలైన తేడా ఏటా తనను తాను పెంచుకుంటుంది.

ఇంకోటుంది, పైకి చెప్పనిది. అమ్మాయి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు సబ్జెక్టు ఒక్కటే చూడదు. ‘అక్కా, ఆ సార్ ఎలాంటివారు?’ అని సీనియర్‌ను అడుగుతుంది. రాత్రి పదింటికి ఫోన్ చేస్తారా, తలుపు వేసి మాట్లాడతారా, కాన్ఫరెన్స్‌కు వేరే ఊరు రమ్మంటారా అన్నవన్నీ కనుక్కున్నాకే అడుగు ముందుకు వేస్తుంది. ఆ వడపోతలో సగం పేర్లు ముందే తీసేయాల్సి వస్తే మిగిలిన సగంలో తనకు నచ్చిన సబ్జెక్టు లేకపోవచ్చు. ఇదంతా ‘తగిన గైడ్ లేరు’ అనే ఒక్క గడిలోకి వెళ్లిపోతుంది. ‘గైడ్ ఎవరూ ఒప్పుకోలేదు’ అని అదే గడిలో టిక్ పెట్టిన అబ్బాయిది వేరే సమస్య. ఒకరికి కావాల్సింది లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ మీద నమ్మకం, ఇంకొకరికి కావాల్సింది అధ్యాపకుల ఖాళీల భర్తీ.

గైడ్ విషయంలో చేయదగ్గ పని కష్టమైనదేమీ కాదు. దరఖాస్తుల గడువుకు మూడు నెలల ముందు ప్రతి విభాగం నుంచి గైడ్‌గా ఉండటానికి ఒప్పుకున్నవారి పేరు, అంశం, డేటా ఎక్కడ, ఏ వేళల్లో సేకరించాలి అన్న నాలుగు వివరాలతో జాబితా నోటీసు బోర్డు మీదా, బ్యాచ్ గ్రూపులోనూ ఒకే రోజు పెట్టాలి. వారం రోజులు పేర్లు తీసుకోవాలి. ఒక గైడ్‌కు ఒకరికి మించి పేర్లిస్తే, అర పేజీ ఆలోచన రాయించి, పేరు కనిపించకుండా కోడ్ నంబరు వేసి ఇద్దరు అధ్యాపకులు చదివి తేల్చాలి. పేరు దాచడం అనవసరమైన తతంగమని కొందరు అంటారు. కెనడాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన గ్రాంట్ల మీద 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూస్తే ఆ మాట అనరు. ప్రతిపాదించిన పరిశోధన మీదే దృష్టి పెట్టి మార్కులేసిన పథకంలో మగ, ఆడ దరఖాస్తుదారుల విజయ శాతంలో తేడా 0.9 పాయింట్లు. పరిశోధకుడి స్థాయినే ప్రధానంగా తూచిన పథకంలో అది 4 పాయింట్లకు పెరిగింది. మనిషిని కాకుండా పనిని తూచితే తేడా తగ్గుతుందనడానికి అంతకన్నా సూటి ఆధారం మా దృష్టిలో లేదు.

ఇక పని పంపకం. ఐదుగురు కలిసి ప్రాజెక్టు మొదలుపెడతారు. ఓపీలో తల్లులతో మాట్లాడి ఫారాలు నింపడం, వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించడం ‘ఓపికగా చేస్తారు’ అని అమ్మాయిల మీద పడుతుంది. విశ్లేషణ, స్లైడ్లు, వేదిక మీద మాట్లాడటం వేరేవాళ్లకు వెళ్తుంది. ఇక్కడే చిక్కు ఉంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం రచయితగా పేరు రావాలంటే నాలుగు షరతులూ తీరాలి: రూపకల్పనలోనో డేటా సేకరణ, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ భాగం, రాతలోనో కీలకమైన దిద్దుబాటులోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. ఫారాలు నింపడంతో ఆగిపోయిన విద్యార్థికి రెండో షరతు తీరదు. చివర్లో ‘కృతజ్ఞతలు’ అనే పేరాలో పేరు వేస్తారు. ఎవరూ మోసం చేయలేదు, నియమమూ తప్పలేదు. అయినా మూడొందల ఇంటర్వ్యూలు చేసిన అమ్మాయి పేరు పేపరు మీద లేదు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధక బృందాల మీద 2022లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, బృందంలోని మగవారితో పోలిస్తే మహిళల పేరు పేపరు మీద రచయితగా కనిపించే అవకాశం 13 శాతం తక్కువ. అక్కడి ప్రముఖ వైద్య పత్రికల్లో మొదటి రచయితలుగా మహిళలు 1970లో 5.9 శాతం, 2004కు 29.3 శాతం. చివరి రచయిత, అంటే పరిశోధనను నడిపించినవారు, 3.7 నుంచి 19.3 శాతానికే చేరారు.

దీనికి మందు ఒక పేజీ కాగితం. ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ ఇచ్చే రోజే అందరూ సంతకం చేయాలి. ఎవరు ఏ పని చేస్తారు, ఎన్ని గంటలు, మొదటి డ్రాఫ్టులో ఏ భాగం ఎవరు రాస్తారు, రచయితల వరుస ఏమిటి, ఎవరైనా మధ్యలో మానేస్తే ఏం చేస్తారు, వేదిక మీద ఎవరు మాట్లాడతారు అన్నవి అందులో ఉండాలి. డేటా తెచ్చినవారికి కనీసం మెథడ్స్ (పద్ధతుల) భాగం రాసే అవకాశం తప్పనిసరిగా ఇవ్వాలి. అప్పుడు రెండో షరతు దానంతటదే తీరుతుంది. డేటా ముగిశాక ఒకసారి, జర్నల్‌కు పంపేముందు ఒకసారి ఆ కాగితం తీసి చూసుకోవాలి. మొదట్లో రాసుకోకుండా చివర్లో అడిగితే, అడిగినవాళ్లే గొడవ పెట్టినట్టవుతుంది. చాలామంది అమ్మాయిలు అడక్కుండా ఊరుకునేది ఆ మాట పడటం ఇష్టం లేకే.

ఇప్పుడు ఆ ఆత్మవిశ్వాసం గడి. ‘పరిశోధన చేయగల నైపుణ్యం నాకు లేదు’ అన్న వాక్యానికి అమ్మాయిలు ఎక్కువగా ఒప్పుకున్నారనుకుందాం. దాని నుంచి నైపుణ్యం తక్కువని తేల్చలేం. తనను తాను తూచుకునే కొలత వేరు, నైపుణ్యం వేరు. రెండూ కొలవాలి. అదే ఫారంలో చిన్న పరీక్ష పెట్టొచ్చు. పొగతాగే 100 మందిలో 30 మందికి జబ్బు, తాగని 100 మందిలో 15 మందికి జబ్బు. ఆడ్స్ రేషియో (జబ్బు వచ్చినవారికీ రానివారికీ ఉన్న నిష్పత్తిని రెండు వర్గాల మధ్య పోల్చే అంకె) ఎంత? ముప్పైని ఎనభై ఐదుతో, డెబ్బైని పదిహేనుతో గుణించి, మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 2.43. ఇలాంటివి ఐదారు చాలు. మార్కులు సమానంగా ఉండి స్వీయ అంచనాలో మాత్రమే తేడా ఉంటే ఆ కళాశాలకు కావాల్సింది ఆత్మవిశ్వాసం వర్క్‌షాపు కాదు, చేసిన పనికి పేరు వచ్చే ఏర్పాటు. మార్కుల్లోనూ తేడా ఉంటే శిక్షణ పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ అది సాయంత్రం ఏడింటికి లెక్చర్ గ్యాలరీలో పెట్టకండి.

సర్వే లెక్కల్లో జరిగే తప్పుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పై అపార్థాలన్నిటికీ మూలం అక్కడుంది. ఒక బ్యాచ్‌లో 75 మంది అబ్బాయిలు, 75 మంది అమ్మాయిలు జవాబిచ్చారనుకోండి. సగం మంది వరకు ‘అవును’ అనే ప్రశ్నలో, 80 శాతం పవర్‌తో, అంటే నిజంగా ఉన్న తేడాను వందలో 80 సార్లు పట్టుకునేలా, ఆ సంఖ్య పట్టుకోగలిగేది 23 శాతం పాయింట్ల తేడాను. అబ్బాయిల్లో 50 శాతం, అమ్మాయిల్లో 60 శాతం అన్న తేడా నిజంగా ఉన్నా అది ఎక్కువసార్లు జారిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒక్కో వైపు దాదాపు 390 మంది కావాలి. కాబట్టి చిన్న సర్వేలో పీ విలువ 0.05 దాటగానే ‘తేడా లేదు’ అని రాయడం తప్పు. తేడా ఎంత, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (నిజమైన తేడా ఉండగల హద్దులు) ఎంత అన్నది రాయాలి. సున్నా దగ్గర మొదలై 25 దాకా వెళ్లే ఇంటర్వెల్ ‘తెలియదు’ అని చెబుతోంది, ‘లేదు’ అని కాదు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. ఇరవై అడ్డంకులకు ఇరవై కై స్క్వేర్ పరీక్షలు (రెండు వర్గాల మధ్య తేడా ఉందా అని చూసే లెక్క) చేస్తే, ఎక్కడా నిజమైన తేడా లేకపోయినా కనీసం ఒకటి 0.05 కన్నా తక్కువ వచ్చే అవకాశం, పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, 64 శాతం. ఆ ఒక్కటీ పట్టుకుని శీర్షిక పెట్టేస్తారు. డేటా తీయకముందే మూడో నాలుగో ప్రధాన ప్రశ్నలు ప్రోటోకాల్‌లో రాసుకుంటే ఈ తప్పు తగ్గుతుంది. ఇంకా, లింగం ఒక్కటే పట్టికలో వేయడం సరిపోదు. హాస్టల్లో ఉంటున్నారా, ఇంటి నుంచి వస్తున్నారా, ఏ సంవత్సరం, ఇంతకుముందు ప్రాజెక్టు ఏదైనా చేశారా అన్నవి కలిపి విశ్లేషించాలి. మొదటి ఏడాది విద్యార్థి అడ్డంకిని ఊహించి చెబుతారు, మూడో ఏడాది విద్యార్థి అనుభవించి చెబుతారు. ఎథిక్స్ కమిటీ ఆలస్యం గురించి ఒక్కసారీ దరఖాస్తు పెట్టనివాళ్లను అడిగి ఏం లాభం?

ప్రశ్నలు అభిప్రాయం మీద కాకుండా జరిగినదాని మీద ఉండాలన్నది మా గట్టి నమ్మకం. గత 12 నెలల్లో ఎంతమంది అధ్యాపకులను గైడ్‌గా ఉండమని అడిగారు? ఎంతమంది ఒప్పుకున్నారు? మొదటి జవాబు ఎన్ని రోజులకు వచ్చింది? డేటా కోసం సాయంత్రం ఆరు తర్వాత ఎన్ని రోజులు ఆగాల్సి వచ్చింది, ఎవరి అనుమతి అడగాల్సి వచ్చింది? భద్రత దృష్ట్యా ఏదైనా అంశాన్నో గైడ్‌నో వదులుకున్నారా? ఎవరైనా వదులుకోమన్నారా? చివరి ప్రాజెక్టులో ఏ పనులు చేశారు, పేరు ఎక్కడ పడింది? ఈ ప్రశ్నావళిని ముందు ఎనిమిది పది మందితో కూర్చుని చదివించి, ఒక్కో ప్రశ్న ఏమని అర్థమైందో అడగాలి. క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే కొలత) 0.7 దాటిందని చెప్పి సరిపెట్టుకుంటారు గానీ, అబ్బాయిలూ అమ్మాయిలూ ఒక ప్రశ్నను ఒకే అర్థంలో చదివారా లేదా అన్నది ఆల్ఫా చెప్పదు.

ఫారం అజ్ఞాతమని రాసి ఈమెయిల్ ఐడీ సేకరించే సెట్టింగు ఆన్‌లో ఉంచేవారున్నారు. అధ్యాపకుడి ప్రవర్తన గురించి అడిగే సర్వేలో అది క్షమించరానిది. ఒక సంవత్సరం, ఒక విభాగం, ఒక లింగం అని విడగొడితే ఇద్దరో ముగ్గురో మిగిలే గడిని ప్రచురించకూడదు. ఆడ, మగ కాని విద్యార్థులు ఒకరిద్దరే ఉండొచ్చు. వారికి ఫారంలో చోటు తప్పక ఉండాలి, పట్టికలో వారిని విడిగా చూపి బయటపెట్టకూడదు.

అబ్బాయిలకు అడ్డంకులు లేవని మేం అనడం లేదు. ప్రసూతి వార్డులో, తల్లిపాల మీద, కుటుంబ నియంత్రణ మీద ప్రాజెక్టు చేయాలనుకున్న అబ్బాయిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. పగటిపూట ఇంటింటి సర్వేలో ఒంటరిగా ఉన్న గృహిణి అతనితో మాట్లాడదు, మాట్లాడాలని కోరడమూ న్యాయం కాదు. అతనికి ఆశా కార్యకర్తను తోడిస్తే పని జరుగుతుంది. చదువయ్యీ అవకముందే సంపాదన, పీజీ సీటు అన్న ఒత్తిడి అబ్బాయి మీద ఇంట్లో వేరే తీరుగా ఉంటుంది. ఇవన్నీ కూడా ఆ ‘సమయం లేదు’, ‘అనుమతి రాలేదు’ గడుల్లోనే దాక్కుని ఉన్నాయి. ప్రశ్న సరిగ్గా అడిగితే ఇద్దరికీ మేలే.

పీజీలో థీసిస్ అందరికీ తప్పనిసరి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ బయోమెడికల్ రీసెర్చ్ కోర్సూ తప్పనిసరే. అక్కడ తేడా కనిపించేది ప్రసూతి సెలవు దగ్గర. సెలవు నిబంధనల ప్రకారం ఇస్తారు, కోర్సు గడువూ పొడిగిస్తారు. కానీ ఆ నెలల్లో రావాల్సిన రోగులను ఎవరు నమోదు చేయాలన్నది ప్రోటోకాల్‌లో రాసి ఉండదు. సహ పరిశోధకుల పేర్లు, వారి పని ముందే రాసి ఎథిక్స్ ఆమోదం తీసుకుంటే శాంపిల్ తెగిపోదు. ఆ ఒక్క పేరా లేకపోతే తిరిగొచ్చాక సవరణ దరఖాస్తు, మళ్లీ కమిటీ, మళ్లీ నిరీక్షణ.

ఎథిక్స్ కమిటీ గురించీ ఒక మాట. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు కనీస ప్రమాదం ఉన్న అధ్యయనాలకు త్వరిత సమీక్షకు వీలిస్తున్నాయి. పేర్లు తీసేసిన పాత రికార్డుల మీద పనికి సమ్మతి పత్రం మినహాయింపు అడగొచ్చు. ఈ సంగతి తెలియక విద్యార్థి ప్రాజెక్టులన్నీ పూర్తి కమిటీకి వెళ్లి, కనీసం ఐదుగురు సభ్యుల కోరం కుదరక, నెలలు ఆగుతున్నాయి. ఆలస్యం ఇద్దరికీ సమానమే అనిపిస్తుంది. రెండు నెలల పనికి నెల పోయాక మిగిలిన గంటలు ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న లెక్క పైన చెప్పాం.

ప్రిన్సిపాళ్లను మేం కోరేది ఇది. వారానికి కనీసం మూడు సాయంత్రాలు ఎమ్మార్డీని ఒక ఉద్యోగి సమక్షంలో ఎనిమిది దాకా తెరవండి. గైడ్ సిఫారసుతో పేరు రాయించుకున్న విద్యార్థికి, అబ్బాయైనా అమ్మాయైనా, ఒకే పాస్ ఇవ్వండి. అక్కడి నుంచి హాస్టల్ దాకా దీపాలు, సెక్యూరిటీ ఉండేలా చూడండి. రికార్డు పుస్తకంలో వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాయించండి. ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకం తీసి ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో లెక్కేస్తే ఏ సర్వే చెప్పలేనంత స్పష్టంగా తేడా పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని కోరేది ఇంకా చిన్నది. పీజీ సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) ఫారంలో మూడు గడులు చేర్చండి: డేటా సేకరణ ఏ వేళల్లో, ఎక్కడ; పరిశోధకుడు లేదా పరిశోధకురాలు సెలవులో ఉంటే ఎవరు కొనసాగిస్తారు; రచయితల వరుస మీద ఒప్పందం సంతకమైందా. వచ్చే బ్యాచ్ సినాప్సిస్‌ల గడువులోపే ఆ ఫారం మారితే, రెండో ఏడాదికల్లా లెక్క చూసుకోవడానికి డేటా చేతిలో ఉంటుంది.

ఇట్లు,
వైద్య విద్యార్థులకు పరిశోధన పద్ధతులు బోధించే కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు